గూడవల్లి రామబ్రహ్మంగారు

పల్నాటి వీరగాథను వెండితెరపైకి తెచ్చుటకు పూనుకొని, ఆ పని ముగియకమునుపే కన్నుమూసిన గూడవల్లి రామబ్రహ్మంగారు పల్నాటివారు కారు. వారు 1902లో కృష్ణా జిల్లా నందమూరున జన్మించిరి. చిత్రరంగమునకు రాకపూర్వము పత్రికాసంపాదకులు. సమదర్శిని, ప్రజామిత్ర పత్రికలను నడపిరి. చదువరులకంటె చదువురానివారే హెచ్చుగానున్న దేశమున, పత్రిక చేరలేని గుడిసెవానికి బొమ్మ చేరగలదని గ్రహించిరి కాబోలు.

ఆనాటి తెలుగు చిత్రములలో అధికభాగము పురాణకథలే. నలుగురెరిగిన కథయైనచో పెట్టుబడికి భయములేదని నిర్మాతల నమ్మకము. అట్టి దినములలో రామబ్రహ్మంగారు చల్లపల్లి రాజాగారి అండతో, సారథి సంస్థ పక్షమున, 1938లో మాలపిల్లను తీసిరి. కథ చలంగారిది; మాటలు తాపీ ధర్మారావుగారివి. బ్రాహ్మణయువకుడు మాలపిల్లను వలచుట, హరిజనులు ఆలయప్రవేశమునకై నిలుచుట, ఛాందసుడగు సుందరరామశాస్త్రి భార్యను మంటలనుండి హరిజనుడొకడు కాపాడుట అందలి ముఖ్యఘట్టములు. కాంచనమాల నాయిక, శాస్త్రిపాత్ర గోవిందరాజుల సుబ్బారావుగారిది. చెన్నరాజధానిలో ఆలయప్రవేశపు చట్టము వచ్చినది మరుసటి యేడు, 1939లో. చిత్రమే చట్టమునకు ముందు నడచినది.

ఆ 1939లోనే రైతుబిడ్డ వెలువడెను. జమీందారీ పెత్తనము నెదిరించిన రైతు కథ యది. జమీందారుని ధనముతోనే జమీందారీపై విమర్శ తెరకెక్కుట విచిత్రమే! బళ్లారి రాఘవగారు రైతు నర్సిరెడ్డిగా నటించిరి. గుంటూరు జిల్లావారగు కొసరాజు రాఘవయ్యచౌదరిగారు పాటలు వ్రాసిరి. కొందరు జమీందారులు సహింపలేకపోయిరి. కొన్ని తావుల ప్రదర్శన నిషేధింపబడెను. మాలపిల్లకు వచ్చిన ఆదరము దీనికి దక్కలేదు. అయినను, ధైర్యమున నిదియే మిన్న యనవలెను; గుడి తలుపులకంటె భూమి శిస్తు కఠినమైన విషయము.

పిమ్మట ఇల్లాలు, అపవాదు, పత్ని, పంతులమ్మ వచ్చినవి. 1945 నాటి మాయాలోకము జానపదము.

కడపట వారి దృష్టి పల్నాటిపై పడెను. మాచెర్ల, గురజాల రాజ్యముల వైరమును, కారెంపూడి రణమును వీరవిద్యావంతులు తరతరములుగా పాడుచునే యున్నారు. కాని రామబ్రహ్మంగారి పూర్వచిత్రముల నెరిగినవారికి ఈ యెన్నిక వింతగా దోచదు. కులభేదము పాటింపక అందరిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడును, అతడు కొడుకుగా చేరదీసిన మాల కన్నమదాసును ఈ కథలోనివారే గదా! మాలపిల్ల తీసినవాడు వెదకుచున్నది ఏడువందల యేండ్లకు పూర్వమే పల్నాట దొరకెను.

బ్రహ్మనాయుడుగా గోవిందరాజుల సుబ్బారావుగారినే నియోగించిరి. నాడు అంటరానితనమును సమర్థించిన శాస్త్రియే నేడు చాపకూడు వడ్డించు నాయుడయ్యెను. నాగమ్మగా కన్నాంబ, బాలచంద్రుడుగా అక్కినేని నాగేశ్వరరావు నటించిరి. చిత్రము సగములోనుండగా రామబ్రహ్మంగారి ఆరోగ్యము చెడెను. 1946 అక్టోబరు 1న, నలుబది నాలుగవయేట, వారు మరణించిరి. మిగిలిన భాగమును ఎల్.వి. ప్రసాదుగారు పూర్తిచేయగా, పల్నాటి యుద్ధము 1947లో విడుదలయ్యెను.