బైండింగు పని నుంచి విద్యుత్తు దాకా – మైకేల్ ఫారడే

హాస్టల్లో ఫ్యాను తిరిగినా, లైటు వెలిగినా మనం తలచుకోవలసిన మనిషి మైకేల్ ఫారడే. ఈయన 1791 సెప్టెంబరు 22న లండను శివార్లలో ఒక కమ్మరి ఇంట పుట్టారు. తండ్రికి ఆరోగ్యం అంతంతమాత్రం. 1801లో ధరలు మండిపోతున్నప్పుడు మైకేల్ వంతుకు వారానికి ఒక్క రొట్టె వచ్చేదట. దాన్నే ఏడు రోజులూ సరిపెట్టుకోవాలి. (మెస్సులో పప్పు పలుచగా ఉందని అలిగే మిత్రులు గమనించగలరు.)

చదవడం, రాయడం, కాసిన్ని లెక్కలు. బడి చదువు అంతే. 13వ ఏట ఒక పుస్తకాల షాపులో చేరి మొదట ఇంటింటికీ పేపర్లు అందించారు. తర్వాత బైండింగు పని నేర్చుకున్నారు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలను కుట్టడమే కాదు, చదివేవారు కూడా. వాటిలో జేన్ మార్సెట్ అనే ఆమె రాసిన రసాయనశాస్త్ర పుస్తకం ఒకటి. టీచరమ్మ ఇద్దరు అమ్మాయిలతో మాట్లాడుతున్నట్టు సాగే ఆ పుస్తకం 1806లో వచ్చింది. మరుసటి ఏడాది హంఫ్రీ డేవీ విద్యుత్తు సాయంతో సోడియం, పొటాషియం వేరుచేశారు. తర్వాతి ముద్రణల్లో మార్సెట్ ఆ సంగతీ చేర్చారు. పాఠ్యపుస్తకమంటే పాత సంగతుల మూట అనుకునే మాకు ఇది ఆశ్చర్యం కలిగించింది. అందులో చదివింది నిజమో కాదో ఫారడే తన చేతిలోని చిల్లర డబ్బులతో చిన్న ప్రయోగాలు చేసి చూసుకునేవారు.

1812లో షాపుకు వచ్చే ఒకాయన డేవీ ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చారు. ఫారడే విన్నదంతా రాసుకుని, బొమ్మలు వేసి, తానే బైండు చేసి డేవీకి పంపారు. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడి ఉద్యోగం దొరికింది. 1821లో మోటారుకు మూలమైన ప్రయోగం చేశారు. 1831లో తీగచుట్టలో అయస్కాంతాన్ని కదిలిస్తే విద్యుత్తు పుడుతుందని కనుగొన్నారు. ఇవి మన పాఠాల్లో ఉన్నవే.

పాఠంలో లేని సంగతి ఒకటుంది. 1845లో ఫారడే వెలుతురుకూ అయస్కాంతానికీ సంబంధం ఉందని కనుగొన్నారు. ఆ వార్తను మార్సెట్ ఒక పత్రికలో చదివారు. అప్పటికి ఆమెకు 76 ఏళ్లు, సరిగ్గా అప్పుడే తన పుస్తకం కొత్త ముద్రణకు ప్రూఫులు దిద్దుతున్నారు. ఈ విషయం పిల్లలకు కఠినమవుతుందేమోనని ఆమె భయం. అయినా అది లేకుండా పుస్తకం వేయడానికి మనసొప్పలేదు. సరైన వివరం ఎక్కడ దొరుకుతుందో చెప్పమని ఫారడేకే ఉత్తరం రాశారు. పేపర్లో చూసింది చూసినట్టు ఎక్కించకుండా కనుగొన్న మనిషినే అడగడం మాకు బాగా నచ్చింది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన మర్నాడు పేపరు కటింగు పట్టుకెళ్లి, గాలి లేని చోట పారాచూట్ పనిచేయదు కదా, మరి ఎలా దిగిందని సైన్సు సారును అడిగిన ఏడో తరగతి తమ్ముళ్లదీ అదే దారి. ఆ రోజు పీరియడ్ చాలలేదు.

ఫారడే మార్సెట్‌ను గురువుగానే తలచి తన పరిశోధనా పత్రాలు పంపేవారు. తానూ పిల్లల కోసం 1827 నుంచి 1860 వరకు 19 సార్లు క్రిస్మస్ ఉపన్యాసాలు ఇచ్చారు. చివరిసారి కొవ్వొత్తి గురించి చెబుతూ, ఐర్లండు చిత్తడి నేలల నుంచి తీసిన పారఫిన్ కొవ్వొత్తినీ, అప్పుడప్పుడే వ్యాపారానికి రేవులు తెరిచిన జపాను నుంచి వచ్చిన మైనాన్నీ పిల్లలకు చూపించారు.

రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి వద్దన్నారు. 1867 ఆగస్టు 25న కన్నుమూశారు. ఆయన చేత్తో కుట్టిన ఆ నోట్సు ఇప్పటికీ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోనే ఉంది.