మాట పలికే ముందు మాట నేర్చినవాడు



నాలుకను గూర్చి యాకోబు భక్తుడు తన పత్రిక 3వ అధ్యాయంలో వ్రాసిన సంగతులు మన సంఘాలలో తరచుగా చదువుతాం. చదివిన మనమే మందిరపు మెట్లు దిగకముందే ఇంకొకరి ఇంటి విషయం ఎత్తుకుంటాం. అందుచేత ఈ వారం, మాటను ఎంతో జాగ్రత్తగా తూచిన ఒక దైవసేవకుని జీవితాన్ని ధ్యానించుకుందాం. ఆయన పేరు అగస్టస్ డెస్ గ్రాంజెస్.

లండన్ మిషనరీ సొసైటీ పంపగా డెస్ గ్రాంజెస్, ఆయన సహచరుడు జార్జ్ క్రాన్ మన దేశానికి వచ్చారు. మిషనరీలను రానివ్వడం ఆనాటి ఈస్టిండియా కంపెనీకి ఇష్టం లేదు. కాబట్టి వారు డెన్మార్కు వారి అధీనంలో ఉన్న తరంగంబాడి రేవులో దిగి, 1805లో విశాఖపట్నం చేరారు. మన గొలుగొండ, నర్సీపట్నం ప్రాంతాలు అప్పటి విశాఖపట్నం జిల్లాలోనివే. తెలుగువారి మధ్య ప్రొటెస్టెంట్ మిషన్ ఒకటి స్థిరంగా నిలిచింది అక్కడే.

వచ్చిన మరుసటి ఏడు, 1806 జూలైలో, వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. కొత్త రకం తలపాగా పెట్టుకోవాలనీ, నొసట బొట్టు, చెవి పోగులు, గడ్డం ఉండకూడదనీ ఇచ్చిన ఉత్తర్వులు వారి మనస్సులను గాయపరచాయి. తమను బలవంతంగా క్రైస్తవులను చేస్తారన్న పుకారు ఆ గాయం మీద కారం చల్లింది. ఎందరో ప్రాణాలు పోయాయి. ఆ తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ అధికారులు మిషనరీలను మరింత అనుమానంగా చూశారు. అటువంటి దినాలలో ఒక పొగరు మాట, ఒక ఎగతాళి మాట చాలు, వచ్చిన పని అంతా చెడిపోవడానికి.

డెస్ గ్రాంజెస్ మొదట చేసిన పని నేర్చుకోవడం. పండితుల దగ్గర కూర్చొని తెలుగు అక్షరాలు దిద్దాడు. పిల్లలకు బడి పెట్టాడు. ఊరి జనం ఏ మాటను ఏ అర్థంలో వాడుతున్నారో విన్నాడు. వినుటకు వేగిరపడాలనీ, మాటలాడుటకు నిదానించాలనీ అదే యాకోబు భక్తుడు చెప్పిన ఆజ్ఞను ఆయన తన దినచర్యగా చేసుకున్నాడు.

1808లో ఆనందరాయర్ అనే సహోదరుడు వారితో కలిశాడు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, తమిళ ప్రాంతంలో బాప్తిస్మం పొందినవాడు, తెలుగు తెలిసినవాడు. ఆయన తోడ్పాటుతో సువార్తల తర్జుమా ముందుకు సాగింది. అంతకు పూర్వం పద్దెనిమిదవ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ అనే సేవకుడు లేఖనాలను తెలుగులోకి మార్చాడు గాని అది అచ్చుకు నోచుకోలేదు.

తర్జుమా అంటే ఒక మాట తీసి ఇంకో మాట పెట్టడం కాదు. తెలుగులో పాపం అనే మాటే చూడండి. తప్పు చేసినవానిని గూర్చి అదే మాట, కష్టంలో ఉన్నవానిని చూసి జాలిపడేటప్పుడూ అదే మాట. ఇంకొక సంగతి ఉంది. మూడవ మనిషి ఒక పురుషుని గూర్చి చెప్పడానికి గ్రీకులోనూ ఇంగ్లీషులోనూ ఒక్క సర్వనామం చాలు. రాజైనా కూలివాడైనా ఒకటే. మన భాష అలా ఊరుకోదు. వాడు అనాలా, అతడు అనాలా, ఆయన అనాలా? నోరు తెరిచిన ప్రతిసారీ ఎదుటి మనిషికి మనం ఎంత విలువ ఇస్తున్నామో బయటపెట్టమని తెలుగు అడుగుతుంది. సువార్తను తెలుగులోకి తెచ్చేవారెవరైనా ప్రతి వాక్యంలోనూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోక తప్పదు.

1809లో క్రాన్ చికాకోలులో, అంటే నేటి శ్రీకాకుళంలో, కన్నుమూశాడు. తోడి పనివాడు పోయినా డెస్ గ్రాంజెస్ కలం ఆపలేదు. 1810 జూలైలో ఆయన కూడా ప్రభువు సన్నిధికి చేరాడు. విశాఖలో అడుగుపెట్టి అప్పటికి అయిదేండ్లే. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఆ పుస్తకాన్ని ఆయన చేత పట్టుకోలేదు. ఆయన తరువాత ఎడ్వర్డ్ ప్రిచెట్ పని కొనసాగించగా, 1818లో మద్రాసులో తెలుగు క్రొత్త నిబంధన వెలువడింది.

ప్రియులారా, పరదేశి ఒకడు మన భాషలో మనిషిని గౌరవంగా పిలవడం నేర్చుకోవడానికి తన యౌవనాన్ని ఖర్చు పెట్టాడు. మనకు ఆ భాష తల్లి ఒడిలోనే వచ్చింది. దానిని ఏం చేస్తున్నాం? నిన్నటిదాకా ఆయన అన్న సంఘ పెద్దను, లెక్కల దగ్గర మాట తేడా వచ్చిన రోజు నుండి వాడు అంటున్నాం. ఆమె అన్న సహోదరిని అది అంటున్నాం. ఆ ఒక్క అక్షరం మారిననాడే సంఘంలో చీలిక మొదలైంది. రెండో మందిరానికి పునాది తవ్వేది ఆ తరువాతే.

ఇంకొకటి. ఫలానా వారి అమ్మాయి కోసం ప్రార్థన చేయండి అని మొదలుపెట్టి, ఆ ఇంటి గుట్టంతా వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తున్నాం. ప్రార్థన మనవి అని పేరు పెట్టినంత మాత్రాన కొండెం కొండెం కాకుండా పోదు. అన్యమత సహోదరుల పండుగలను బల్ల దగ్గర నిలబడి వెక్కిరించే ప్రసంగం ధైర్యం అనిపించుకోదు. రేపు ఆ పొరుగువాని గుమ్మం ముందుకు సువార్తతో వెళ్లవలసిన స్త్రీల సమాజం వారికి అది తలుపు మూసేస్తుంది.

అలాగని జాగ్రత్త పేరుతో నోరు మూసుకోమని కాదు. బీదవాని కూలి ఎగ్గొట్టినప్పుడు, ఇంట్లో భార్య మీద చెయ్యి పడినప్పుడు సంఘం మాట్లాడాలి. అయితే నిజం తెలుసుకొని, ముందు ఆ మనిషితోనే, మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు నేర్పిన వరుసలో మాట్లాడాలి. కొట్టే భర్త విషయంలో ఆ వరుస మోయవలసింది దెబ్బలు తిన్న భార్య కాదు, సంఘ పెద్దలు. ఆమెను ముందు క్షేమంగా ఉంచాలి.

ఈ వారం ఒక పని చేద్దాం. మనకు గిట్టని మనిషి పేరు నోటికి వచ్చినప్పుడు, ఆయన లేనిచోట కూడా ఆయన అనే అందాం. వాక్యమై యున్న ప్రభువు మన మాటలను కాపాడునుగాక. ఆమేన్.