పాప్వా సేవ్‌గోలమ్

దక్షిణాఫ్రికాలోని నేటాల్ సీమకు చెరకుతోటల కూలిపనికై 1860 నుండి భారతీయులు ఓడలలో కొనిపోబడిరి. వారిలో తెలుగువారును పెక్కురుండిరి. అట్లు అచట స్థిరపడిన భారతీయులలో, డర్బను నగరమునందలి ఒక నిరుపేద కుటుంబమున సేవ్‌సంకర్ సేవ్‌గోలమ్ జన్మించెను. అందఱును అతనిని పాప్వా యని పిలిచెడివారు.

చదువుకొను భాగ్యము అతనికి లేకపోయెను. బాల్యముననే గోల్ఫు మైదానమున తెల్లవారి కఱ్ఱలసంచి మోయు పనికి కుదిరెను. పొడవైన కఱ్ఱతో చిన్నబంతిని కొట్టి, దూరదూరముల నున్న 18 గుంటలలో వరుసగా పడవేయుట ఆ క్రీడ. ఎవరు తక్కువ దెబ్బలతో ముగింతురో వారిదే గెలుపు. సంచి మోయుచు పాప్వా ఆటను చూచెను, చూచి నేర్చెను. కుడిచేతివాటము వారు కఱ్ఱపై ఎడమచేతిని పైన, కుడిచేతిని క్రింద ఉంచుదురు. పాప్వా పట్టు దీనికి తలక్రిందులు. దానిని దిద్దు గురువు లేకపోవుటయే మేలైనది కాబోలు!

గ్రాహమ్ వుల్ఫ్ అను వర్తకుడు అతని ప్రతిభను గుర్తించి 1959లో ఐరోపాకు తీసికొనిపోయెను. ఆ యేడే పాప్వా హాలెండు దేశపు ఓపెన్ పోటీలో విజయము సాధించెను. 1960లోను, 1964లోను ఆ పోటీని మరల గెలిచెను.

స్వదేశమున మాత్రము వర్ణవివక్ష రాజ్యమేలుచుండెను. 1963లో డర్బను కంట్రీ క్లబ్బున జరిగిన నేటాల్ ఓపెన్ పోటీలో ఆడుటకు అతనికి అనుమతి లభించెను గాని, క్లబ్బు భవనములో అడుగిడుటకు లభింపలేదు. పాప్వా తెల్ల క్రీడాకారుల నందఱిని ఓడించెను. బహుమాన సమయమున వాన కురియుచుండెను. తక్కినవారు భవనములోపల పొడిగా నిలిచియుండ, విజేత వెలుపల తడియుచు బహుమతి నందుకొనెను. ఆ ఛాయాచిత్రము దేశదేశముల పత్రికలలో వెలువడెను. దక్షిణాఫ్రికాతో ఆడరాదని వాదించువారికి అంతకు మించిన సాక్ష్యము అక్కఱలేకపోయెను.

1965లో, జగత్ప్రసిద్ధుడగు గేరీ ప్లేయరును మించి, పాప్వా అదే పోటీని మరల గెలిచెను. దీనిని ప్రభుత్వము సహింపలేదు. తెల్లవారు ఆడు పోటీలలో అతడు పాల్గొనరాదని నిషేధించెను. విదేశములకు పోవుటకు పాసుపోర్టును సైతము నిరాకరించెను. జీవనాధారమైన ఆటయే దూరమయ్యెను. ఐదుపదులు నిండకమున్నే, 1978లో, అతడు పేదఱికముననే కన్నుమూసెను. పిదప డర్బనులోని ఒక గోల్ఫు మైదానమునకు పాప్వా సేవ్‌గోలమ్ పేరు పెట్టబడెను.