విద్యార్థి రామలింగారెడ్డి

పెద్దల జీవితాలను పదవులతో మొదలుపెట్టి చెప్పడం మనకు అలవాటు. కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరు వినగానే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, వైస్ ఛాన్సలర్ పీఠమే స్ఫురిస్తాయి. కాని ఆ వ్యక్తిత్వానికి తొలిరూపం తెలియాలంటే మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొన్న కుర్రవాని వద్దకు పోవలె.

ఆయన 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచి గ్రామంలో, వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. చిత్తూరులో పాఠశాల చదువు ముగించి మదరాసు చేరారు. అప్పటికి ఆ కళాశాల తాంబరానికి తరలిపోలేదు. నగరం నడిబొడ్డున ఉండేది. విలియం మిల్లరు దొరగారు అధ్యక్షులు. బోధన అంతా ఆంగ్లంలో సాగే ఆ ఆవరణలో తెలుగు విద్యార్థులకు ఆంధ్ర భాషాభిరంజనీ సమాజం ఒక పుట్టినిల్లు వంటిది.

1899లో ఆ సమాజం కావ్యరచనకు పోటీ పెట్టింది. ఇరవైయేండ్లయినా నిండని రెడ్డిగారు దానికై వ్రాసినదే 'ముసలమ్మ మరణం'. బ్రౌను దొర సేకరించిన అనంతపుర చరిత్రలోని కథ అది. బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగనున్నవేళ, ఊరిని కాపాడుటకు ఒక రైతు ఇంటి కోడలు ప్రాణాన్ని బలియిచ్చింది.

ఇందులోని సాహసం నేటివారికి వెంటనే తట్టకపోవచ్చు. ఆనాటి పండితలోకానికి కావ్యమంటే ప్రబంధం. నాయిక అంటే రాజకన్య. ముగింపు అంటే కల్యాణం. ఈ విద్యార్థి రాజాంతఃపురాన్ని విడిచి పల్లెకు పోయినాడు. శృంగారం చోట కరుణను నిలిపినాడు. మంగళాంతమనే నియమాన్ని కాదని మరణాన్నే కథకు పేరుగా పెట్టినాడు. పద్యం నడక ఇంకా పాతదే. చూపు మాత్రం కొత్తది. పోటీకి వ్రాసేవాడు పరీక్షకుల మెప్పుకోసం తెలిసిన దారిని పట్టడం సహజం. ఆయన పట్టలేదు. అయినా బహుమతి ఆ కావ్యానికే దక్కింది. 1900లో అది అచ్చయింది.

తరువాత ప్రభుత్వ విద్యార్థివేతనంతో 1902లో ఇంగ్లండు వెళ్లి, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర చదివారు. అక్కడి విద్యార్థుల వాదసభయైన యూనియన్‌కు ఉపాధ్యక్షులుగా ఎన్నికైనారు. పాలకుల దేశంలో, పాలకుల భాషలో, పాలకుల బిడ్డల నడుమ ఒక పాలిత దేశీయుడు పొందిన గౌరవమది.

కళాశాలలో మొలకెత్తిన ఆ స్వతంత్ర బుద్ధియే 1914లో 'కవిత్వతత్త్వ విచారం'గా ఫలించింది. ప్రబంధాలను నిలదీసి, పింగళి సూరన ప్రతిభను ఎత్తిచూపిన ఆ గ్రంథం పండితులలో పెద్ద కలకలమే లేపింది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలి వైస్ ఛాన్సలరైన ఆయన, 1930లో సత్యాగ్రహులపై ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా ఆ పదవిని విడిచారు. 1936లో మరల ఆ పీఠమెక్కి 1949 వరకు సేవచేశారు. 1951లో పరమపదించారు.

వివాహం చేసుకోని ఆ మహనీయునికి విద్యయే సంసారమైనది. ఊరికోసం సర్వం త్యజించిన ముసలమ్మను పందొమ్మిదో ఏట కీర్తించినవాడు, యాబదో ఏట తన పదవిని తృణప్రాయంగా వదలగలిగాడు. యౌవనంలో మనం ఎవరిని ఆరాధిస్తామో, వార్ధక్యంలో వారి ఛాయ మనపై పడకమానదు. మన కళాశాలల్లో సాహిత్య సమాజాలు నడిపే పిల్లలకు, వాటిని కాలహరణమని తలచే పెద్దలకు కూడా ఈ చరిత్ర స్మరణీయం.