రాయవేలూరు డాక్టరమ్మ

నిర్గమకాండము మొదటి అధ్యాయములో షిఫ్రా, పూయా అను ఇద్దరు మంత్రసానులను గూర్చి చదువుచున్నాము. ఆ ఫరో పేరు అచ్చట వ్రాయబడలేదు గాని, ప్రసవవేదనలో నున్న తల్లుల ప్రక్కన నిలిచిన ఈ స్త్రీల పేర్లు వ్రాయబడినవి. రోగుల సేవకై చదువుకొనగోరు బీద పిల్లలను గూర్చి మన సంఘస్థులు ఆలోచింపవలెనని కోరుచు, అట్టివారికి త్రోవ తెరచిన ఒక స్త్రీ జీవితమును ఈ నెల మీ ముందుంచుచున్నాము.

ఐడా సోఫియా స్కడ్డరు గారు 1870 డిసెంబరు 9న ఆర్కాటు సీమలోని రాణిపేటలో జన్మించిరి. తాతగారు, తండ్రిగారు ఇద్దరును వైద్య మిషనెరీలే. అయినను చిన్ననాడే కరవులో ఆకలిగొన్న పిల్లలను కన్నులార చూచిన ఈ బాలికకు ఈ దేశములో ఉండుటకు మనసొప్పలేదు. అమెరికాలో చదువుకొని అక్కడనే సుఖముగా స్థిరపడవలెనని ఆమె తలంచెను.

1890లో తల్లి జబ్బుగా నున్నందున ఆమె తిండివనము వచ్చెను. అచ్చట ఒక రాత్రి ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చి, తన భార్య కాన్పు కష్టమై ప్రాణాపాయములో నున్నదని చెప్పి, రమ్మని వేడుకొనెను. తాను వైద్యురాలను కాననియు, వైద్యుడైన తన తండ్రిని పంపెదననియు ఆమె చెప్పెను. పరపురుషుడు తన భార్యను చూచుటకు అతడు సమ్మతింపక వెళ్లిపోయెను. అదే రాత్రి ఒక మహమ్మదీయుడును, మరియొక హిందువును అదే మనవితో వచ్చి, అట్లే మరలిపోయిరి. తెల్లవారగానే వీధిలో చావు డప్పు వినవచ్చెను. ముగ్గురు తల్లులును మరణించిరి.

ఆ ఇంట వైద్యుడుండెను, మందులుండెను. గాని ఆ తల్లులున్న గదిలో అడుగుపెట్టగల స్త్రీకి ఎవరును వైద్యము నేర్పియుండలేదు. ఐడా గారు ఆ రాత్రి ప్రార్థనలో దేవుని పిలుపుకు లోబడెను. అమెరికా వెళ్లి, 1899లో కార్నెల్ వైద్య కళాశాలలో పట్టము పొంది, 1900లో రాయవేలూరు చేరెను. షెల్ అను ధనవంతుడు తన భార్య జ్ఞాపకార్థము ఇచ్చిన పదివేల డాలర్లతో 1902లో నలుబది పడకల ఆస్పత్రి వెలసెను. 1909లో నర్సుల శిక్షణ మొదలాయెను. ఊరూరికి వైద్యబండి వెళ్లి చెట్ల క్రింద రోగులను చూచుచుండెను.

అయినను ఒక డాక్టరమ్మ రెండు చేతులు ఎన్ని ఇండ్లకు చాలును? ఈ దేశపు ఆడపిల్లలే డాక్టర్లు కావలెనని ఆమె నిశ్చయించుకొనెను. ఆ దినములలో అనేకులకు ఇది వింతమాట. ఆడపిల్లను చిన్నతనముననే అత్తవారింటికి పంపు కాలమది. ఆరుగురు దొరికినయెడల పాఠశాల తెరువవచ్చునని చెప్పిన ప్రభుత్వ వైద్యాధికారి, ముగ్గురైనను వచ్చెదరా అని సందేహించెను. దరఖాస్తులు అతని అంచనాను ఎంతో మించెను. 1918 ఆగస్టులో స్త్రీల వైద్య పాఠశాల ప్రారంభమాయెను. మొదటి సంవత్సరపు పరీక్షకు పధ్నాలుగు మంది బాలికలు వెళ్లిరి. ఆ పరీక్షలో పురుషులు ఐదుగురిలో ఒకరే గెలువగా, ఈ పధ్నాలుగు మందియు ఉత్తీర్ణులైరి. వారిలో నలుగురు మొదటి తరగతిలో గెలిచిరి. వారికి అంతవరకు కొరతగా నుండినది తెలివి కాదని అందరికిని తెలియవచ్చెను. కూర్చుండుటకు చోటు, క్షేమముగా నుండుటకు హాస్టలు, వారియందు నమ్మకముంచు ఒక గురువు కావలసియుండెను. అవియే ఆమె ఇచ్చెను.

1938 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వము ఎల్.ఎం.పి. చదువును తీసివేసి, విశ్వవిద్యాలయపు డిగ్రీయే ఉండవలెననెను. అందుకు తగిన కట్టడములు, ఆచార్యులు, ధనము లేనియెడల పాఠశాల మూతపడవలసినదే. డెబ్బది యేండ్ల వయసున ఆమె అమెరికాలో సంఘము వెంబడి సంఘమునకు వెళ్లి చందా అడిగెను. 1942లో ఎం.బి.బి.ఎస్. చదువుకు అనుమతి వచ్చెను. 1947లో యువకులను కూడ చేర్చుకొనిరి. స్త్రీల కొరకే ధనమిచ్చిన పాత స్నేహితులు కొందరు ఇందుకు బహుగా నొచ్చుకొనిరి. ఆమెకును ఇది సులువైన మాట కాదు. అయినను కళాశాల బ్రదుకుట కొరకు సమ్మతించెను.

పిదప ఆ సంస్థకు మొదటి భారతీయ డైరెక్టరైన డాక్టరు హిల్డా లాజరస్ గారు 1890లో విశాఖపట్టణమున పుట్టిన మన తెలుగునాటి ఆడపడుచు. సంఘములు తమ బిడ్డలను ప్రతిపాదించి పంపుటయు, చదువు ముగిసిన పిమ్మట వారు తమ్మును పంపిన వారి ఆస్పత్రులలో కొంతకాలము పనిచేయుటయు ఆ కళాశాలలో ఏర్పాటాయెను. ఐడా గారు పెండ్లియాడక, 1960 మే నెలలో తన ఎనుబది తొమ్మిదవ యేట కోడైకెనాల్‌లో ప్రభువునందు నిద్రించిరి.

ప్రియులారా, నేడు ఆడపిల్ల డాక్టరు కాగలదా అని ఎవరును అడుగరు. అయితే మన పల్లెలలో కూలిపని చేసికొను తలిదండ్రుల బిడ్డ ఇంటరు గెలిచి, నర్సు చదువుకు సీటు వచ్చినను, చేరునాటి ఫీజు లేక ఇంటనే నిలిచిపోవుట మేమెరుగుదుము. తండ్రి అప్పుకు వెళ్లును, తల్లి చెవి కమ్మలు తాకట్టు పెట్టును. అదియు చాలకపోయిన, పిల్లకు పెండ్లి సంబంధము వెదకుదురు.

మన స్త్రీల సమాజము వారు వంటకు ముందు తీసియుంచు పిడికెడు బియ్యములోను, కోతపండుగ కానుకలోను కొంత భాగమును అట్టి ఒక బిడ్డ కొరకు ప్రత్యేకించుడని కోరుచున్నాము. పెద్దలు ఆ తలిదండ్రులతో మాటలాడి, పెండ్లికి తొందరపడవద్దని చెప్పుడి. పట్నములో నున్న మనవారు పిల్లను హాస్టలులో చూచి వచ్చుచుండుడి. సంఘమునకు ఒక్క బిడ్డయైనను చాలును. రేపు ఏ ఊరిలోనో అర్ధరాత్రి ఒకడు తలుపు తట్టినప్పుడు, లేచి వెళ్లుటకు నేర్చిన చేతులుండును. అట్టి మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక.