పరమాణు విద్యుచ్ఛిల్పి హింటన్

భారతంలో అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ప్రయోగింపగలిగినాడు గాని ఉపసంహరింపజాలకపోయినాడు. పరమాణుశక్తిని కరెంటుగా మలచిన ఇంజనీరు క్రిస్టఫర్ హింటన్ చరిత్ర చదివినప్పుడు ఆ ఘట్టం స్ఫురింపక మానదు.

హింటన్ 1901 మే 12న ఇంగ్లండులోని టిస్‌బరీ గ్రామంలో జన్మించినారు. తండ్రి బడిపంతులు. పదునారవ యేట బడి విడిచి స్విండన్ రైల్వే కర్మాగారంలో పని నేర్చుకొనే కుర్రవానిగా చేరినారు. చమురు చేతులతోనే చదువు సాగించి, ఇరువదిరెండవ యేట విద్యార్థివేతనం సంపాదించి కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో ప్రవేశించినారు. అక్కడ ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులై రసాయన పరిశ్రమలో చేరి, ముప్పది యేండ్ల ప్రాయానికే ప్రధాన ఇంజనీరు పదవి నందుకొన్నారు.

1946లో ప్రభుత్వం పరమాణు కర్మాగారాల నిర్మాణభారాన్ని ఆయనపై నుంచింది. ఐరిష్ సముద్రతీరాన కాల్డర్ హాల్ పనులు 1953లో మొదలైనవి. 1956 అక్టోబరు 17న ఎలిజబెత్ రాణి దానిని ప్రారంభించినారు. లోకం విద్యుత్తును చూచి మురిసినది గాని, ఆయుధాలకు ప్లుటోనియం తయారుచేయడమే ఆనాడు దాని ముఖ్యోద్దేశం.

1957లో హింటన్ విద్యుదుత్పాదక మండలికి అధ్యక్షులైనారు. ఇక్కడ ఆయన శీలం వెల్లడియైనది. తన చేతులతో పెంచిన విద్యయే ఐనా, పరమాణు విద్యుత్తు బొగ్గు విద్యుత్తుకంటె ఖరీదని లెక్కకట్టి నిర్మొగమాటంగా తెలిపినారు. మమకారం ఆయన త్రాసును వంచలేకపోయినది. 1964లో పదవీ విరమణ చేసి, 1983 జూన్ 22న దివంగతులైనారు.

ఆయన గతించిన ఇరువదేండ్లకు, 2003 మార్చి 31న, నలుబదియేడేండ్ల సేవ ముగించి కాల్డర్ హాల్ మూతపడినది. 2007 సెప్టెంబరు 29న దాని నాలుగు శీతలీకరణ గోపురాలు క్షణాలలో నేలకూలినవి. చూచువారికి పని ముగిసినట్లే తోచును. కాని రియాక్టర్లలోని ఇంధనాన్ని పూర్తిగా వెలికితీయడానికి 2019 వరకు పట్టినది. కిరణధార్మికతను సంతరించుకొన్న గ్రాఫైట్ దిమ్మెలు లోపలనే ఉన్నవి. ఆ తీవ్రత తగ్గేవరకు దశాబ్దాలపాటు కాపుండి, పిమ్మట రాబోయే తరాలవారు వానిని విప్పవలె.

కొద్ది యేండ్లలో కట్టినదానిని విప్పడానికి మూడు తరాలైనా చాలునో చాలదో! విద్యార్థులు హింటన్ నుండి శ్రమను, సత్యనిష్ఠను నేర్వవలె. ఆయన కట్టడం నుండి మరొక పాఠం నేర్వవలె: ప్రయోగంతోపాటు ఉపసంహారం కూడ తెలిసినప్పుడే విద్య పూర్ణమగును.