శ్రీరాములు గారు – ఆయన విన్న ఒకే ఒక్క మాట

మాది జువ్వలదిన్నె అనగానే హాస్టల్లో అందరూ చేపలు తెచ్చావా అని అడుగుతారు. మా ఊరికి చేపలే కాదు, అమరజీవి పొట్టి శ్రీరాములు గారి కుటుంబంతో సంబంధం కూడా ఉంది. ఆయన పుట్టింది మాత్రం మద్రాసులో, 1901 మార్చి 16న. 2008లో మన జిల్లాకి ఆయన పేరే పెట్టారు. అప్లికేషన్లో పూర్తిగా రాయాలంటే గళ్ళు చాలవు!

ఆయన ఇంజనీరని చాలామందికి తెలియదు. బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగు చదివి, రైల్వేలో ఉద్యోగం చేశారు. ముప్పై ఏళ్ళు నిండకముందే భార్య, పసిబిడ్డ చనిపోయారు. ఉద్యోగం వదిలేసి గాంధీగారి సబర్మతి ఆశ్రమానికి వెళ్ళిపోయారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయారు. పైకి రావలసిన మనిషి చెడిపోయాడని మనవాళ్ళైతే అంటారు. నేనట్లా అనుకోను. ఆయన మొండితనానికి తగ్గ పని అక్కడే దొరికింది.

మొండి అంటే మామూలు మొండి కాదు. నెల్లూరు ఎండలో చెప్పుల్లేకుండా, అంటరానితనం పోవాలని రాసిన అట్టలు పట్టుకుని తిరిగేవారు. పిచ్చోడన్నవాళ్ళూ ఉన్నారంట. కొంచెం విడ్డూరం మనిషని గాంధీగారికీ తెలుసు. అయినా గట్టి పనిమంతుడని నమ్మారు. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని శ్రీరాములు గారు నిరాహారదీక్ష చేశారు. గుడి తలుపులు తెరిచారు. అదే ఏడు నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని గుళ్ళన్నీ తెరవాలని మళ్ళీ కూర్చున్నారు. తోటి కాంగ్రెసువాళ్ళు చెబితే వినలేదు. గాంధీగారు మానమంటే మానారు. ఎవరి మాటా విననివాడు ఒక్కరి మాట విన్నాడంటే, ఆ ఒక్కరు తనను తక్కువగా చూడరని తెలిసే కదా!

1948 జనవరి 30న గాంధీగారు పోయారు.

1951లో స్వామి సీతారాం ఆంధ్ర రాష్ట్రం కోసం 35 రోజులు దీక్ష చేసి, వినోబా భావే గారు చెబితే విరమించారు. 1952 అక్టోబరు 19న శ్రీరాములు గారు మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో మొదలుపెట్టారు. ఢిల్లీవాళ్ళు మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. ఆయన్ను ఆపగలిగిన మనిషి ఇక లేడు. 58వ రోజు, డిసెంబరు 15 రాత్రి, ప్రాణం పోయింది. ఆంధ్ర అంతా అట్టుడికింది. నాలుగు రోజులకే నెహ్రూగారు రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది.

గాంధీగారు ఉండుంటే ఆపేవారా? ఆపుంటే రాష్ట్రం వచ్చేదా? మా రూములో దీనిమీద పెద్ద వాదన అయింది. వార్డెన్ సారు వచ్చి లైటు ఆర్పేదాకా తేలలేదు.